పెద్దమ్మకు చెల్లెలు పుట్టిన ఆదివారం

ముప్పై ఏళ్ళు సినిమా ఆపరేటర్‌గా పనిచేసినవాడికి గొప్పగా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పని సరిగ్గా జరిగిన రోజు మనం అక్కడ ఉన్నామన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. బొమ్మ ఆగినా, మాట వినబడకపోయినా హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగి, మన చిన్న కిటికీ వైపు చూసి, మన ఇంటి ఆడవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకుంటుంది. నా ఉద్యోగంలో నాకు దక్కిన గుర్తింపు చాలావరకు అదే.

ఫోన్లో సినిమా చూసే మీకు నేను చెప్పబోయేది ఒక తప్పు గురించి. ఆ తప్పు చేసింది ఒకరు, పని పోగొట్టుకున్నది ఇంకొకరు. చేసినవాడిని నేను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా సగమే తెలుసు.

మా హాలు నల్లగొండలో, గడియారం సెంటర్ నుంచి నడుచుకుంటూ పోయేంత దూరంలో ఉండేది. ఎనభైల మొదట్లో నేను అక్కడ అసిస్టెంటుగా చేరి, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని ఆపరేటర్నయ్యాను. మా క్యాబిన్లో రెండు మెషిన్లు. సినిమా ముక్కలు ముక్కలుగా రీళ్ళలో వచ్చేది, ఒక్కో రీలు పది పదకొండు నిమిషాలు. ఒక మెషిన్ మీద ఒక రీలు నడుస్తుంటే రెండోదాని మీద తర్వాతి రీలు ఎక్కించి పెట్టుకోవాలి. తెర మూలలో చిన్న చుక్క మెరవగానే దీన్ని ఆపి దాన్ని నడపాలి. ప్రతి రీలు మొదట్లో ఫిల్మ్ మీద దాని నంబరు రాసి ఉంటుంది. ఎక్కించే ముందు ఆ నంబరు చూసుకోవాలి. మా పనిలో ఈ ఒక్క ముక్క మీకు తెలిస్తే చాలు, మిగతాది నాతోనే పోనివ్వండి.

ఇక మైక్ భాయి. ఊరంతా ఆయన్ను అలాగే పిలిచేది. రిక్షాకు రెండు వైపులా పోస్టర్లు, పైన లౌడ్ స్పీకరు, లోపల మైకు పట్టుకుని ఆయన. ఆ రోజు ఏ సినిమా ఆడుతుందో ఊరూరా చెప్పడం ఆయన పని. చెప్పడం అంటే నేను చెప్పినట్టు చెప్పడం కాదు. వేలికున్న వెండి ఉంగరంతో రిక్షా రేకు మీద తాళం వేస్తూ, తెలుగూ ఉర్దూ కలిపి, గుక్క తిప్పుకోకుండా చరణాలు చరణాలుగా అల్లేవాడు. రాసుకునేది ఉండదు. పానగల్ దారిలో గొర్రెల మంద అడ్డమొస్తే రిక్షా ఆపించి గొర్రెలను కూడా మ్యాట్నీకి రమ్మనేవాడు. మంద వెనకున్న ముసలాయన నవ్వి, సాయంత్రానికి గొర్రెలను తోలేసి నిజంగానే వచ్చేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు. క్యాబిన్ వేడికి నేను ఉడికిపోతుంటే మెట్లెక్కి వచ్చి తన గొంతు కోసం తెచ్చుకున్న సోంపు నాకింత పెట్టి పోయేవాడు.

మా హాల్లో ఇంకెక్కడా లేని పద్ధతి ఒకటి ఉండేది. ఆదివారం పొద్దున ఇంగ్లీషు సినిమా వేసేవాళ్ళం. ఇంగ్లీషు మార్నింగ్ షో అంటే అప్పట్లో దానికో పేరు ఉండేది, పెద్దమనుషులు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చేవాళ్ళు. మా హాలు యజమానికి, అందరం సేటు అనేవాళ్ళం, ఆ పేరంటే మంట. ఇంటిల్లిపాదీ చూసే ఇంగ్లీషు సినిమాలే తెప్పించేవాడు. అయితే ఇంటిల్లిపాదికీ ఇంగ్లీషు రాదు కదా. అందుకని మైక్ భాయిని తెర పక్కన స్టూలు మీద కూచోబెట్టి, హాలు మైకు చేతికిచ్చి, కథ తెలుగులో చెప్పించేవాడు. భాయికి కూడా ఇంగ్లీషు రాదు. శనివారం నేను రీళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఖాళీ హాల్లో ట్రయల్ వేసేవాణ్ణి. అది చూసి, బొమ్మను బట్టి కథ తెలుసుకునేవాడు. తెలియని చోట సొంతంగా కల్పించేవాడు. చాలాసార్లు అసలు కథ కంటే ఆయన కథే బాగుండేది.

తొంభైల మొదట్లో ఊళ్ళో మేడల మీద డిష్‌లు మొలిచాయి. హాలుకు జనం పలచబడ్డారు. ఒకరోజు సేటు టేప్ రికార్డరు తెచ్చి టేబుల్ మీద పెట్టి భాయిని పిలిపించాడు. ఏదో ఫ్యూజు గురించి చెప్పడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"చూడు భాయ్, హైదరాబాద్ల ఒకాయన గొంతు నింపి ఇచ్చిండు. గీ క్యాసెట్ రిక్షాల పెడితె అదే మొత్తుకుంటది. దానికి దగ్గు రాదు, జరం రాదు, పండుగ రాదు," అన్నాడు సేటు.

"నిజమే సేటు. కాని ఎవలన్న ఎదురు ప్రశ్న అడిగితె దానికి జవాబు రాదు గద," అన్నాడు భాయి.

సేటు చెడ్డవాడు కాదు. కాసేపు ఆలోచించాడు.

"సరే, ఒక పని చేద్దాం. గీ ఆదివారం అమెరికా కామెడీ సినిమా వస్తాంది. ఆడోళ్ళు, పిల్లలు వచ్చి, ఆఖరి దాక కూసొని, నవ్వుకుంట బయటికి పోవాలె. గట్ల పోతె నీ పనికి ఢోకా లేదు. లేదా, క్యాసెట్టే."

భాయి సలాం చేసి బయటికొచ్చాడు. ఆయన ఇంట్లో ముసలి తల్లి, ముగ్గురు పిల్లలు. భార్య గాజులు అమ్మేది. ఆయనకు ఈ పని తప్ప ఇంకో పని రాదు. ఇరవై ఏళ్ళుగా ఆయన చేసింది ఇదే.

నా సంగతి కూడా చెప్పాలి. అప్పటికి నా మీద రెండు ఫిర్యాదులున్నాయి. ఒకసారి నేను చాయ్ తాగుతూ ఉండిపోతే మెషిన్‌లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు అరిగి తెరంతా ఎర్రబడి చీకటైంది. ఇంకోసారి కొత్త సినిమా మొదటి ఆటకే ఫిల్మ్‌ను సౌండు వైపు సరిగ్గా ఎక్కించక హీరో పది నిమిషాలు మూగవాడైపోయాడు. రెండోదాని తర్వాత సేటు ఒక్కటే మాట అన్నాడు. "మూడోసారి అయితె క్యాబిన్ తాళంచెవి టేబుల్ మీద పెట్టి పో. నేను ఏం అడగ, నువ్వు ఏం చెప్పకు." ఆ ఆదివారం నాటికి నా పెద్దబిడ్డ పుట్టి ఇరవై రోజులు.

శనివారం పొద్దున హైదరాబాదు బస్సులో డబ్బాలు దిగాయి. సినిమా అమెరికాలో వచ్చి నాలుగైదేళ్ళయి ఉంటుంది, మా దాకా వచ్చేసరికి ప్రింటు మీద గీతలే గీతలు. ముగ్గురు పాటగాళ్ళు ఉన్న జట్టొకటి అక్కడ బాగా పేరున్నదట. వాళ్ళనే హీరోలుగా పెట్టి తీసిన సినిమా. ర్యాప్ అన్న మాట అప్పటికి మా నోట పలకలేదు. ఒకడు తాటిచెట్టంత పొడుగు, ఒకడు పొట్టి, మూడోవాడికి నోరు ఆగదు.

కథ ఇది. ఈ ముగ్గురూ పాట కచేరీకి పోతుంటే ఒక చిన్న ఊళ్ళో బస్సు చెడిపోతుంది. అక్కడ ఒక ముసలావిడ హోటలు. వంటవాళ్ళు దొరక్క ఆమె వీళ్ళను వంటకు పెట్టుకుంటుంది. వీళ్ళకు వంట రాదు. వచ్చినవాళ్ళంతా తిని పారిపోతారు. అప్పుడు ముసలావిడ ఓపిగ్గా వీళ్ళకు వంట నేర్పుతుంది, హోటలు పుంజుకుంటుంది. అది చూసి ఓర్వలేక ఎదురు హోటలాయన దొంగకాగితం పుట్టిస్తాడు, ముసలావిడ పోతే హోటలు తనకే వస్తుందని. వాణ్ణి పట్టించడానికి ఆమె చచ్చిపోయినట్టు నటిస్తుంది. శవపేటికలోంచి లేచి వాడి చెయ్యి పట్టుకుంటుంది. తర్వాత అందరికీ విందు, పాట. మొత్తం తొమ్మిది రీళ్ళు. వంట నేర్పేది ఐదో రీల్లో, చచ్చినట్టు నటించేది ఏడో రీల్లో, లేచేది ఎనిమిదో రీల్లో.

ట్రయల్ మొదలై ఆ ముగ్గురూ బస్సులో కూచుని ఒకరి మాట ఒకరు అందుకుంటూ దడదడమని పాడటం మొదలుపెట్టగానే, ఖాళీ హాల్లో ఒంటరిగా కూచున్న భాయి లేచి నిలబడ్డాడు. అది అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. తర్వాత మెట్లెక్కి క్యాబిన్‌లోకొచ్చాడు. ఆయన కళ్ళల్లో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

"తమ్మీ, వీళ్ళు పాడతలేరు. అనౌన్స్ చేస్తున్నరు. నేను ఇరవై ఏండ్ల సంది రిక్షాల కూసొని చేస్తున్న పని గిదే గద?"

"వాళ్ళకు సినిమా తీసిండ్రు భాయ్. నీకు క్యాసెట్ తెచ్చిండ్రు," అన్నాను.

"తేనీ. రేపు సూడు. వాళ్ళు ముగ్గురు, నేనొక్కణ్ణే. వాళ్ళు ఆగిన కాడ నేను అందుకుంట."

ఆ రాత్రి ఇంటికి పోయే ముందు ఏడో రీలు అంచు రంధ్రాలు చిరిగితే కత్తిరించి అతికించాను. అతుకు బాగా ఆరాలని దాన్ని అరలో తన చోట పెట్టకుండా బల్ల మీదే వదిలేశాను. అలా ఎప్పుడూ వదలను.

ఆదివారం పొద్దున హాలు నిండింది. శనివారం సాయంత్రం దాకా భాయి రిక్షాలో తిరగని సందు లేదు. గాజుల బజారు ఆడవాళ్ళు, మిల్లు పనివాళ్ళ కుటుంబాలు, పానగల్ నుంచి ట్రాక్టరెక్కి వచ్చినవాళ్ళు, అందరూ ఉన్నారు. సేటు బాల్కనీలో ముందు వరసలో కూచున్నాడు. పక్కన ఆయన బామ్మర్ది. హైదరాబాదులో ఇంగ్లీషు లెక్చరర్, పండక్కీ పబ్బానికీ వచ్చి బావను ఆటపట్టించకుండా పోడు.

మొదటి రీలు మొదలైంది. తెర మీద ముగ్గురూ బస్సులో పాడుతున్నారు. భాయి ఉంగరం వేలితో స్టూలు మీద తాళం పట్టుకున్నాడు. వాళ్ళు గుక్క తిప్పుకోవడానికి ఆగిన చోట అందుకున్నాడు.

"వంట రాదు, గంటె రాదు, పొయ్యి ముట్టియ్య రాదు,
ముగ్గురు వోయి హోటల్ల వడ్డరు, ఇగ తప్పేటట్టు లేదు.
పప్పుల ఉప్పు, ఉప్పుల పప్పు, బిర్యానిల దుమ్ము,
తిన్నోళ్ళు తిన్నట్టె ఉరికిండ్రు, ఆగె ఎవనికి దమ్ము?"

హాలు ఘొల్లుమంది. పిల్లలు ఆఖరి మాట ఆయనతో కలిపి అరవడం మొదలుపెట్టారు. తెర మీది మనుషులకూ ఈయనకూ మధ్య సముద్రాలున్నాయని అనిపించలేదు. వాళ్ళు మాట వదిలితే ఈయన పట్టుకునేవాడు, ఈయన వదిలితే వాళ్ళు పట్టుకునేవాళ్ళు. నేను క్యాబిన్ కిటికీకి ముఖం ఆనించి చూస్తూ నవ్వుతూనే ఉన్నాను. నాకు ఆయన మీద అంత ప్రేమ పుట్టింది ఆ పొద్దున. ఆయన పని పక్కా అయిపోయిందని మనసులో అనుకున్నాను కూడా.

నాలుగో రీలు అయిపోవస్తోందని నాకు ఆలస్యంగా తెలిసింది. రెండో మెషిన్ ఖాళీగా ఉంది. గబగబా వెనక్కి తిరిగాను. బల్ల మీద ఒక రీలు ఉంది. తీశాను, ఎక్కించాను. నంబరు చూడలేదు. చుక్క మెరిసింది, మెషిన్ మార్చాను.

తెర మీద మంచం, మంచం మీద ముసలావిడ, చుట్టూ కొవ్వొత్తులు, నల్లబట్టల్లో ఏడుస్తున్న ముగ్గురు పాటగాళ్ళు. నాలుగో రీల్లో అందరూ వంట తిని పారిపోయారు. ఐదో రీల్లో ఆమె వంట నేర్పాలి. నేర్పకముందే నేను ఆమెను చంపేశాను.

కిటికీలోంచి భాయి వైపు చూశాను. ఆయన మైకు నోటి దగ్గరే ఉంది. వెనక్కి తిరిగి నా కిటికీ వైపు చూశాడు. ఒక్క క్షణమే. రీలు ఆపితే హాలు లేస్తుంది, ఆపకపోతే కథ లేదు. నేను ఆపలేదు. ఆయన తెర వైపు తిరిగాడు.

"ఏం చెప్పాలె అమ్మలార, అక్కలార," అన్నాడు, గొంతు దింపి. "వచ్చినోళ్ళందరు తిని ఉరికిండ్రు. పెద్దమ్మ మాత్రం, పోరగాళ్ళు బాధపడతరని, పళ్ళెం నిండ తిన్నది. గా వంటనే పెద్దమ్మను తీసుకపోయింది."

హాల్లో ముందు వరసల ఆడవాళ్ళు ముక్కు చీదడం నాకు పైకి వినబడింది. శవపేటిక మోసుకుపోతున్నంతసేపూ భాయి దుఃఖంగా, ఖవ్వాలీ రాగంలో నాలుగు ముక్కలు పాడాడు. నేను చెమటలు కక్కుతూ ఐదో రీలు వెతికి, నంబరు మూడుసార్లు చూసి ఎక్కించాను.

ఐదో రీలు మొదలైంది. ముసలావిడ నవ్వుతూ వంటింట్లోకి వచ్చి కూరలు తరగడం మొదలుపెట్టింది.

నేల టికెట్లోంచి ఒకావిడ లేచి నిలబడింది. "ఏందయ్యా మైక్ భాయి, గా ముసలామె సచ్చిపాయె గద?"

"సచ్చింది అక్కా. గీమె గామె కాదు. గామె చెల్లె. దినాలకని వచ్చింది," అన్నాడు భాయి, రెప్ప కూడా వేయకుండా.

"మరి మొఖం ఒక్కతీరుగ ఉన్నది?"

"కవలలు అక్కా. బట్టలు గుడ అక్కయ్యే కట్టుకున్నది, యాది కోసం."

హాలు పగిలిపోయేట్టు నవ్వింది. భాయి ఇక ఆగలేదు. అక్కను చంపింది ఈ వంటేనని చెల్లెకు తెలిసింది. పోరగాళ్ళను కొట్టలేదు, తిట్టలేదు, ఇంకెవరూ చావొద్దని గంటె చేతికిచ్చి నేర్పుతున్నదని చెప్పాడు. ఆరో రీల్లో హోటలు నిండింది. ఎదురు హోటలాయన కాగితం పట్టుకొచ్చాడు. ఆరు అయిపోతుంటే నాకు అసలు భయం పట్టుకుంది. ఏడోది ముందే ఆడేసింది, ఇక ఎక్కించాల్సింది ఎనిమిదో రీలే, అందులో శవపేటికలోంచి పెద్దమ్మ లేస్తుంది. ఇప్పుడు భాయి దగ్గర ఇద్దరు ముసలమ్మలున్నారు, తెర మీద ఉండబోయేది ఒక్కరే.

పేటిక మూత కదిలింది. చేయి బయటికొచ్చింది. పెద్దమ్మ లేచి కూచుంది.

"కూరల వాసన తాకింది," అన్నాడు భాయి నెమ్మదిగా. "గంత మంచి కూర వాసన తాకినంక ఎవలు పండుకుంటరు అక్కా? లేసి కూసున్నది."

"మరి చెల్లె ఏది?" అని ఇందాకటి ఆవిడే అరిచింది.

"గిప్పుడే బస్సెక్కింది. అక్క బతికింది గద, దినాలెక్కడివి?"

నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక సినిమాకు జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టడం అదొక్కసారే చూశాను. తొమ్మిదో రీలు విందు పాటలో తెర మీది ముగ్గురి మాటలు ఎవరికీ వినబడలేదు, భాయితో కలిసి పిల్లలు పాడుతూనే ఉన్నారు. పిల్లలూ ఆడవాళ్ళూ ఆఖరిదాకా కూచుని నవ్వుకుంటూ బయటికి పోయారు. సేటు అడిగింది సరిగ్గా అదే.

కానీ బాల్కనీ మెట్లు దిగుతూ బామ్మర్ది సేటు భుజం మీద చెయ్యేశాడట. "బావా, నేను హైదరాబాద్ల చూసినప్పుడు ముసలామెకు చెల్లె లేకుండె. రీళ్ళు కలగాపులగం చేసిండ్రు మీవోళ్ళు. మీ దగ్గర ఇంగ్లీషు సినిమా గిట్లనే ఆడుతదా?" ఇది నాకు తర్వాత గేటు మనిషి చెప్పాడు. సేటుకు జనం నవ్వినదానికంటే బామ్మర్ది నవ్విన నవ్వు ఎక్కువ తగిలింది.

పది నిమిషాల్లో ఇద్దరికీ పిలుపొచ్చింది. భాయి చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది, ముఖం వెలిగిపోతోంది. సేటు కూచోలేదు, కూచోమనలేదు.

"చావు ముందుగాల్నే వచ్చింది. రీలు తారుమారైంది. ఎవని పని?"

నేను నోరు తెరిచాను. తెరిచిన మాట నిజం. కానీ ఇరవై రోజుల బిడ్డ, టేబుల్ మీద తాళంచెవి, రెండూ ఒకేసారి కళ్ళ ముందుకొచ్చి మాట బయటికి రాలేదు. ఆ సందులో భాయి మాట్లాడాడు.

"నేనే పెట్టుమన్న సేటు."

"నువ్వా?"

"నిన్న ట్రయల్ చూసిన. నడుమ కథ చప్పగ ఉండె. చావు ముందుకు తెస్తె ఆడోళ్ళు లేవకుంట కూసుంటరని నేనే ఆపరేటర్‌కు చెప్పిన. ఆయన వద్దనే అన్నడు. నేనే ఇనలే."

సేటు నా వైపు తిరిగాడు. "అవునా?"

నేను తల ఊపాను.

ఊరికే ఉండిపోయి ఉంటే మౌనమని సర్దిచెప్పుకునేవాణ్ణి. మౌనం కాదు. పైకీ కిందికీ, స్పష్టంగా, తల ఊపాను.

"జనం నవ్విండ్రు, నేను కాదంటలేను," అన్నాడు సేటు భాయితో. "కాని సినిమా తీసినోడు ఏమన్న పాగల్‌గాడా? ఇయ్యాల రీలు మార్చినోనివి రేపు ఏం మారుస్తవో. ఊళ్ళె నా ఇజ్జత్ పోయింది. మైకు ఆడ పెట్టి పో."

భాయి నా ముఖంలోకి ఒకసారి చూశాడు. కోపంగా కాదు, ఎవరైనా ఇంకేమైనా అంటారేమోనని ఎదురుచూసినట్టు చూశాడు. తర్వాత మైకు టేబుల్ మీద పెట్టి, దాని తీగ పద్ధతిగా చుట్టి, "సలాం సేటు" అని బయటికి నడిచాడు. నేను మెట్లెక్కి మ్యాట్నీకి మెషిన్లు తుడిచాను. సోమవారం నుంచి రిక్షాలో క్యాసెట్ మోగింది. గొంతు చాలా బాగుంది. గొర్రెల మంద అడ్డమొచ్చినా ఆగకుండా అదే చెప్పుకుంటూ పోయింది.

తర్వాత నేను చేసిన పని కూడా చెప్పేస్తాను. ఆయన ఇంటి సందులోంచి పోతే నాకు హాలు దగ్గర. ఆ రోజు నుంచి నేను చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాను. రెండు నెలలకు ఆయన ఇల్లు ఖాళీ చేశాడని, కొత్తకోటలో భార్య తమ్ముడి దగ్గరికి పోయాడని తెలిసింది. నాకు బాధ, దాంతోపాటు సిగ్గులేని ఒక నిమ్మళం. ఇక చుట్టు తిరగనక్కరలేదు.

ఆరు నెలలు గడిచాక ఒకసారి వనపర్తి వైపు పెళ్ళికి పోతూ కొత్తకోటలో దిగాను. దిగాల్సిన పని లేదు, బస్సు నేరుగానే పోతుంది. బెంగళూరు రోడ్డు మీద లారీల హోరులోంచి మనిషి కంటే ముందు గొంతు వినబడింది.

"కర్నూలా, కర్నూలా, కిటికి పక్కన సీటు,
జర ఎనక వడ్డవంటె నీకు నిలవడనీకె చోటు."

చేతిలో మైకు లేదు. ఆగిన ప్రైవేటు బస్సు రేకు మీద ఉంగరంతో తాళం వేస్తున్నాడు. ఎక్కేవాళ్ళు నవ్వుతూ ఎక్కుతున్నారు. నన్ను చూసి తాళం ఆపాడు. నేను అక్కడే పాతుకుపోయి నిలబడ్డాను. ఆయనే వచ్చి రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"తమ్మీ. బిడ్డ మంచిగున్నదా? పాకుతాందా?"

చాయ్ దుకాణం బల్ల మీద కూచున్నాం. "ఎందుకు చెప్పినవ్ భాయ్ గట్ల?" అని అడిగాను.

ఆయన చాయ్ ఊదుకుంటూ నిదానంగా చెప్పాడు. "నీకు రెండుసార్లయింది. మూడోది అయితె నువ్వు పోతుంటివి. నాకేమో హాలంత నవ్వింది, నన్నెందుకు తీస్తడు అనుకున్న. తిడతడు, ఊకుంటడు అనుకున్న. గా లెక్క తప్పింది."

"కోపం రాలేదా నా మీద?"

"వచ్చింది. ఎందుకు రాదు? చెప్పినందుకు కాదు. సేటు నిన్ను అవునా అని అడిగిండు సూడు, గప్పుడు నువ్వు కాదంటవ్ అనుకున్న. నువ్వు కాదంటె ఆయన కోపం ఇద్దరి మీద సగం సగం అయితుండె. ఇద్దర్ని ఒక్కనాడే పంపిస్తె మ్యాట్నీ ఎవలు నడుపుతరు తమ్మీ? ఇద్దరం ఉంటుంటిమి." నవ్వాడు. "రెండు నెలలుండె కోపం. గీడ బస్సుల కోసం మొత్తుకుంట మొత్తుకుంట ఎటు పోయిందో పోయింది."

నేను ఏడ్చాను. నలుగురూ చూస్తున్నా ఏడ్చాను. "ఇప్పుడే పోయి సేటుకు చెప్త," అన్నాను.

"ఇప్పుడు చెప్తె నీ పని పోతది, నా పని రాదు. క్యాసెట్ తీసేస్తడా? జిందగీల ఒక్క అబద్ధం మంచిగ చెప్పిన. దాన్ని ఖరాబు చెయ్యకు." గ్లాసు కింద పెట్టి లేచాడు. ఇంకో బస్సు వచ్చి ఆగింది.

ఆయన మాట మీద చెప్పలేదని అనుకుంటే నాకు హాయిగా ఉంటుంది. కానీ ఆయన అలా అనకపోయినా చెప్పేవాణ్ణో లేదో నాకు తెలియదు. తర్వాత ఇరవై ఏళ్ళు ప్రతి రీలు నంబరు పైకి చదివి మరీ ఎక్కించాను, నా కింద పనిచేసినవాళ్ళు నాకు చాదస్తమని నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు రీళ్ళు లేవు, ఆ హాలు ఫంక్షన్ హాలైంది. సేటు పోయాడు. మూడేళ్ళ కింద భాయి కూడా పోయాడని కబురొస్తే కొత్తకోట పోయి మట్టి వేసి వచ్చాను. ఆయన అబద్ధాన్ని కాపాడాల్సిన అవసరం ఇక ఎవరికీ లేదు.

మీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళకు నేను చెప్పగలిగిందల్లా ఒకటే. తప్పులు మీరు కూడా చేస్తారు, దాని గురించి ఫికర్ పెట్టుకోకండి. మీ కోసం ఒకరు అబద్ధం చెప్పి, పైవాడు మీ వైపు తిరిగి అవునా అని అడిగే క్షణం చాలా చిన్నది. నాకది ఒక్కసారే వచ్చింది. దానికి జవాబు ఇవ్వడానికి ఇన్నేళ్ళు పట్టింది.

కాదు సేటు. భాయి నాకేం చెప్పలే. ఏడో రీలు ఎక్కించింది నేనే.